రాళ్ల సారు వేలిముద్ర

శాంతమూర్తి అంట!

పోయిన వారం విశ్వవిద్యాలయం గేటు ముందర కట్టిన ఫ్లెక్సీలో ఆ మాట చదివి, స్కూటరు పక్కకు తీసి నిలబడిపోయాను. లోపల సంస్మరణ సభ. బయట సారు ఫోటో చుట్టూ గులాబీ పూలు, మూలన ఒక తెల్ల పావురం, కింద పెద్ద అక్షరాలతో ‘శాంతమూర్తి, సౌమ్యుడు, అజాతశత్రువు’. ఆ పావురం నిజంగా వచ్చి వాలి ఉంటే సారు దాన్ని రాయి పెట్టి కొట్టేవాడు. అజాతశత్రువు అని రాసినవాడు ఎదురుగా దొరికితే నా ఎడమ కనుబొమ్మ మీది కుట్లు చూపించేవాణ్ని. సారు కోసం శత్రువులు తెచ్చిన దెబ్బల్లో ఒకటి దారి తప్పి నాకు తగిలింది మరి.

పీనుగును కడగండి, గంధం పూయండి, అది ఆచారం. కానీ మనిషిని కడగొద్దు. నా వయసులో సగం కాలం ఆయన్ను జీపులో తిప్పినవాణ్ని నేను. ఆయనలోంచి కోపాన్ని తీసేస్తే మిగిలేది ఫ్లెక్సీయే.

నేను చదివింది ఐదో తరగతి, అదీ ఉర్దూ బడిలో. తెలుగు నాకు మైలురాళ్లు నేర్పాయి, లారీల వెనక రాతలు నేర్పాయి, తర్వాత భూగర్భశాస్త్రం పిల్లలు జీపులో మరిచిపోయిన పుస్తకాలు నేర్పాయి. సొంత జీపు ఉండేది. పిల్లలను కొండలకు తీసుకుపోవడానికి ఆ శాఖవాళ్లు బాడుగకు మాట్లాడుకునేవాళ్లు. వాళ్లు కొండెక్కితే నేను జీపు నీడలో చదువుకునేవాణ్ని. పెద్దవాళ్లు వెనక సీట్లో కూర్చుంటే వినేవాణ్ని. డ్రైవరుకు చెవులుండవని చదువుకున్నవాళ్లకు గట్టి నమ్మకం.

సారును మొదట చూసింది అహోబిలం కొండల కింద, ఒక రాయిని నాకుతుండగా. నాకి, ఉమ్మేసి, కళ్లు మూసుకుని ఏదో ఆలోచిస్తున్నాడు. ఒక విద్యార్థి కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే చెంప పేలింది.

"నవ్వుతావేమిరా? నాలిక కంటే మంచి యంత్రం మీ అబ్బ కొనిచ్చినాడా నీకు?"

అదే రాయిని నేల మీద పెట్టి సుత్తితో ఒక్కటేశాడు. రెండు ముక్కలైంది. పైన బూడిద రంగు, లోపల నీలం.

"చూడు. రాయి పైమొగం ఎండకు ఎండి, వానకు తడిసి, అబద్ధాలు నేర్చుకోనుంటాది. పగలగొట్టు. పగిలిన మొగం చూసినాక మాట్లాడు. అంతదాకా గమ్మునుండు."

ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. రాళ్ల గురించే కాదు, మనుషుల గురించీ అనేవాడు. పెళ్లిచూపులకు పోతున్న ఒక శిష్యుడికి కూడా అదే సలహా ఇస్తే, ఆ అమాయకుడు భయపడి రెండు రోజులు సారు కంట పడలేదు.

పొట్టి మనిషి. నల్లగా, వెడల్పాటి మణికట్లతో ఉండేవాడు. ఊరు కోసిగి. అమ్మానాన్నలు ఏటా సుగ్గికి పోయేవాళ్లు, అంటే కరువుకు ఊరు విడిచి గుంటూరు పక్క కూలికి. ఈయన చిన్నప్పుడు వాళ్ల వెంట పోయి మిరపకాయలు కోశాడు. ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్న ప్రతిసారీ ఆ చేతిని ఊదుకుంటూ అనేవాడు: "మిరప్పండ్లు కోసిన వేళ్లు సాయిబూ. ఆ మంట ఇంగా పోలేదు."

సుత్తికి తుమ్మకట్టె పిడి ఆయనే చెక్కి బిగించుకునేవాడు. జీపు ఎక్కే ముందు ముందు టైరును బూటుతో ఒక తన్ను తన్నేవాడు. "బతికుండాదా సాయిబూ నీ గాడిద?" అనేవాడు. నేను "మీకంటే నెమ్మదస్తురాలు సార్" అనేవాణ్ని. ఈ రెండు మాటలూ కాకుండా మా ప్రయాణం ఎన్నడూ మొదలవలేదు.

ఆయనకు దేవుళ్లలో ఒక్క అహోబిలం నరసింహుడితోనే సఖ్యత. "ఈ సామికొక్కనికే పని తెలుసు. రాయి పగలగొట్టుకోని బయటికొచ్చినాడు. వచ్చి, వాని లోపల ఏముండాదో చీల్చి చూసినాడు" అని చెప్పులు విప్పి దండం పెట్టేవాడు.

ఇటువంటి మనిషికి పదోన్నతి యాడొస్తుంది?

ఆ వ్యవహారం బయటివాళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. పాఠం చెప్పే మనిషి పైమెట్టు ఎక్కాలంటే, రాసిన పరిశోధన పత్రాలు, పోయిన సభలు, చదివించిన పిల్లలు అన్నీ ఒక ఫారంలో నింపి, తనకు తానే మార్కులు వేసుకుని అర్జీ పెట్టుకోవాలి. శాఖాధిపతి ఆ మనిషి పనిని తూచి, సిఫార్సు చేస్తున్నాననో చేయడం లేదనో రాయాలి. ఆ తర్వాత బయటి ఊళ్ల నుంచి నిపుణులు దిగుతారు, ఇంటర్వ్యూ చేస్తారు. ఆ నిపుణులను స్టేషనులో ఎక్కించుకుని గెస్ట్‌హౌసుకు చేర్చేది నేనే. దారిపొడుగునా వాళ్ల నోట పరిశోధన అన్న మాట వింటే ఒట్టు. ఎవడు ఎవడి మనిషి, ఎవడి వెనక ఎవరున్నారు, ఇక్కడ నాటుకోడి బాగుంటుందా, తిరుమల దర్శనం ఎవరు చేయిస్తారు. ఇదీ విద్వత్తు! ఒక మనిషి ఇరవై ముప్పై ఏళ్ల బతుకును వీళ్లు టీ చల్లారే లోపల తేల్చేస్తారు.

సారు ప్రొఫెసరు పదవికి ఇంటర్వ్యూకు పోయిన రోజు నేను కిటికీ బయట నిలబడి ఉన్నాను, అయిపోగానే నిపుణుణ్ని రైలుకు చేర్చాలి కాబట్టి. సారు లోపలికి ఫైలుతో పాటు ఒక రాయి తీసుకుపోయాడు. సంచిలో సుత్తి ఉందని నాకు తెలుసు. అది లేనిదే ఆయన పెళ్లికి కూడా పోడు.

నిపుణుడు ఫారం తిప్పుతూ, "మీ స్కోరు తక్కువగా ఉందండీ. పత్రాలు కొన్నే ఉన్నాయి" అన్నాడు.

"ఆ కొన్ని చదివినారా సార్?"

"అన్నీ చదువుతూ కూర్చోవడం మా పని కాదండీ. సంఖ్య చూడడం మా పని."

"అట్లనా. అయితే ఈ పొద్దు ఒకటి చదవండి."

రాయిని బల్ల మీద పెట్టాడు. సుత్తి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. బల్ల మీది అద్దం బద్దలైన చప్పుడు విని తెరిచేసరికి నిపుణుడి నుదుటి మీద నెత్తురు ధార. పక్కన కూర్చున్న ఇంకొక పెద్దమనిషి బల్ల కిందికి దూరి, "పోలీసుల్ని పిలవండి" అని అక్కడినుంచే అరుస్తున్నాడు. సారు మాత్రం రెండుగా పగిలిన రాయిని నిపుణుడి ముఖం ముందర పెట్టి, "చూడండి సార్, చూడండి, ఈడ పొరలు చూడండి" అంటున్నాడు. నిజంగా చూపించాలనే ఆయన ఆశ. ఆ సంగతి ఆ గదిలో ఒక్కరికీ అర్థం కాలేదు.

‘సిఫార్సు చేయడం లేదు’ అని రాసేసి పోయారు. నుదుటికి కట్టు కట్టించుకున్న నిపుణుణ్ని స్టేషనుకు తీసుకుపోతుంటే ఆయన దారంతా ఒకే మాట గొణిగాడు: "రౌడీ... వట్టి రౌడీ..." ఆ దెబ్బతో సారుకు ప్రొఫెసరు గిరీ ఏళ్ల తరబడి వెనక్కి పోయింది. మర్నాడు జీపు టైరు తన్ని నాతో అన్నాడు: "అద్దం కూడా పగిలింది కదా సాయిబూ, దాని మొగం కూడా చూసినా. లోపల ఏమీ లేదు."

ఇక శత్రువు సంగతి.

సారు దగ్గరే చదువుకుని, సారు చేతి దెబ్బలు తిని, అదే శాఖలో చేరిన ఒకాయన ఉండేవాడు. మేము చిన్నసారు అనేవాళ్లం. మెత్తని మనిషి, తెలివైనవాడు. ఆయన బామ్మర్దికి బేతంచెర్లలో బండల గని, పాలిష్ ఫ్యాక్టరీ ఉన్నాయి. ఆ గని పక్క గుట్టలో సారు ప్రాణం ఉండేది. అక్కడి రాయిలో ఉల్లిగడ్డ కోసినట్టు పొరలు పొరలుగా ముద్రలు కనిపిస్తాయి. చేప, చెట్టు, పురుగు ఏవీ పుట్టని కాలంలో, లోతులేని సముద్రంలో నాచు పేరుకుని పేరుకుని రాయి అయిందట. ప్రతి ఏడూ కొత్త పిల్లలను అక్కడికి తీసుకుపోయి, సుత్తి కింద పెట్టించి, "దీన్ని మాత్రం కొట్టొద్దండిరా" అనేవాడు. ఆయన కొట్టొద్దన్న రాయి అదొక్కటే.

ఒక ఏడు మేము పోయేసరికి ఆ గుట్టలో సగం లేదు. బామ్మర్ది గని పెంచాడు. కోసిన పలకలు ఫ్యాక్టరీ ముందర పేర్చి ఉన్నాయి, ఉల్లిపొరలు పాలిష్‌లో తళతళలాడుతున్నాయి. సారు జీపు ఆగకముందే దూకాడు.

"ఏమప్పా, ఈ గుట్ట నీ తాత జాగీరా?" అన్నాడు బామ్మర్ది.

"నా తాత జాగీరు కాదురా, నా తాతే! నీకూ తాతే! తాతను కోసి బాత్‌రూముల్లో పరుస్తాండావు గదరా నాకొడకా!"

ఆ పొద్దు పాలిష్ మిషను మూడు చోట్ల పగిలింది, బామ్మర్ది భుజం ఒక చోట పగిలింది. కూలీలు రాళ్లు రువ్వితే నా జీపు అద్దం పోయింది. కేసయింది. కోర్టులో చిన్నసారు బామ్మర్ది పక్షాన నిలబడి, ముందు చెయ్యెత్తింది సారేనని సాక్ష్యం చెప్పాడు. సారు జరిమానా కట్టి బయటికొచ్చాడు. జీపులో నేను చిన్నసారును నానా మాటలూ అంటుంటే ఆపాడు.

"వాడు చెప్పింది నిజమే సాయిబూ. నేనే ముందర కొట్టినా. నిజం చెప్పినాడనే ఇంత మండుతాండాది. అబద్ధం చెప్పింటే తన్ని మరిచిపోదును."

అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే వరండాలో ఎదురుపడితే ఒకరు గోడ వైపు తిరిగేవాళ్లు. అట్లా ఏళ్లు గడిచాయి. సారుకు ఆలస్యంగా ప్రొఫెసరు గిరీ వచ్చింది, వంతు ప్రకారం శాఖాధిపతి కుర్చీ కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే చిన్నసారు పదోన్నతి ఫైలు సారు బల్ల మీదికొచ్చింది. సిఫార్సు చేయడమా, లేదా, సారు కలం చేతిలో ఉంది.

మా సీమలో పగవాడి మెడ కత్తికి అందితే ఏమవుతుందో అందరికీ తెలుసు. క్యాంటీనులో అటెండర్లతో సహా అందరూ "ఇంగ చిన్నసారు పనైపాయ" అని తేల్చేశారు. నేనూ అదే అనుకున్నాను. కొంత సంతోషించాను కూడా.

సారు ఫైలు చంకన పెట్టుకుని టైరు తన్నాడు. "బేతంచెర్ల పోవాల."

"ఎందుకు సార్?"

"వీడు ఆ గుట్ట మీద ఒక పెద్ద పేపరు రాసినాడు. పగలగొట్టి చూడకుండా నేను ఎట్ల రాసేది?"

గని అంచున, మిగిలిన గోడ ముందర కూర్చున్నాడు. ఒక చేతిలో చిన్నసారు పత్రం, ఇంకో చేతిలో సుత్తి. గని కోతలో రాలిన ముక్కలు కొట్టి చూడడం, నాకడం, పత్రంలో బొమ్మతో పోల్చడం, మళ్లీ కొట్టడం. ఎండ నడినెత్తికొచ్చి దిగిపోయింది. పైన ఫ్యాక్టరీ వాళ్లు మమ్మల్ని చూస్తూనే ఉన్నారు, ఎవడో ఫోనులో మాట్లాడుతున్నాడు. వాళ్ల కంటికి ఎట్లా కనిపించి ఉంటుందో ఇప్పుడు తెలుస్తుంది నాకు. పగవాడు ఫైలు పట్టుకుని వచ్చి గనిలో లోపాలు వెతుకుతున్నాడు! ఒక మనిషి కేవలం చదివింది నిజమో కాదో చూసుకోవడానికి ఎండలో కూర్చుంటాడని ఈ జిల్లాలో ఎవడు నమ్ముతాడు?

పొద్దు వాలుతుండగా సారు జీపు దగ్గరికొచ్చి, టైరు తన్నకుండానే ఎక్కి కూర్చున్నాడు.

"సాయిబూ, నా రాయిని చంపినారు. కానీ వీడు పంచనామా శానా బాగా రాసినాడు."

"అంటే సార్?"

"ఆ కోసిన పలకలు లోకం మీద పడి పోకముందర, ఒక్కొక్కటి పట్టుకోని చూసినాడు వీడు. పాలిష్ మొగంలో నేను చూడంది చూసినాడు. పొర పొరకూ లెక్క చెప్పినాడు. ఇంగ ఆ గుట్ట యాడన్నా బతికుండాదంటే వీని కాయితంలోనే."

"అయితే రాసిస్తావా? నీ మీద సాక్ష్యం చెప్పినోనికి?" కోపంలో సారును నువ్వు అనేశాను.

"అది కోర్టు. ఇది రాయి. ఈ పని చేసినోడు పైకి పోకుంటే ఇంగెవురు పోవాల? గాజు బల్ల కాడ కూర్చునే ఆ నా కొడుకులా? పా, రేపే రాస్తా."

బేతంచెర్ల రైలు గేటు వేసి ఉంది. గూడ్సు బండి వస్తోంది. రోడ్డు పక్కన అమ్మకానికి పేర్చిన నాపబండల దొంతులు. వెనక నుంచి మోటారు సైకిళ్లు వచ్చి జీపుకు రెండు పక్కలా ఆగాయి. నేను జాకీ రాడ్డు అందుకునే లోపలే బండ ముక్క నా కనుబొమ్మ మీద పడింది. కిందపడి ఒక కంటితో చూశాను. సారును లాగి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, కుడిచేతిని నాపబండ మీద చాపి తొక్కిపట్టారు. సారు సుత్తి వాళ్ల చేతిలో ఉంది.

"ఈ చెయ్యేనా మా బావ మీద రాసేది?" అన్నాడు బామ్మర్ది.

నేను నేల మీద నుంచే అరిచాను. "మంచిగా రాస్తాండాడప్పా! మీ బావకు మంచి..."

"నోర్మూయ్ సాయిబూ!" సారు కేక గూడ్సు కూత కంటే గట్టిగా వినిపించింది. "ఇంగొక్క మాట మాట్లాడితే నిన్ను నేనే చంపుతా!"

వాళ్లు నవ్వారు. "డ్రైవరు బాగానే కథ చెప్తాండాడే" అన్నాడొకడు.

రైలు పెట్టెలు పోతూనే ఉన్నాయి. సుత్తి పడుతూనే ఉంది. సారు ఏడవలేదు. ఒక్కొక్క దెబ్బకు వాళ్ల వంశంలో ఒక్కొక్కరిని కోసిగి భాషలో తిట్టాడు. వాళ్ల ముత్తాతల దాకా పోయేసరికి గొంతు ఆగింది. తుమ్మకట్టె పిడి విరగలేదు. ఆ పిడిని చెక్కిన చెయ్యి విరిగింది. గేటు లేచేసరికి మోటారు సైకిళ్లు లేవు, సుత్తి మాత్రం బండ మీద పడి ఉంది. వెనక నిలబడిన లారీవాళ్లు అందరూ రైలును చూస్తున్నారు, పోయిన రైలును.

కర్నూలు ఆసుపత్రికి ఒంటికంటితో తోలాను. ఆయన చెయ్యి తువ్వాలులో మాంసం మూటలా ఉంది.

"ఎందుకు చెప్పనీయలేదు సార్? ఒక్క మాటతో వదిలేసేవాళ్లు కదా!"

"చెప్పింటే చెయ్యి మిగిలేది. ఆ కాయితం?" అన్నాడు పళ్ల మధ్య నుంచి. "నా చేతికి అడ్డం పెట్టుకునేదానికా వాడు అది రాసినాడు?"

"ఇప్పుడు రాసినా భయపడి రాసినాడనే అంటారు!"

డోన్ దాటినాక ఒక్క మాట: "అననీ."

మీకు తెలియదు, మా వైపు ఆ మాట అనిపించుకోవడం కంటే మెడ తెగడం నయం.

పోలీసులొస్తే, బండల మీద పడ్డానని చెప్పాడు. నేను మంచం పక్కనుంచి లేచి అరిచాను. కేసు పెట్టాలన్నాను, నా కుట్లు చూపించాను. "కేసు పెడితే వాని ఫైలు ఆగిపోతాది. గమ్మునుండు" అన్నాడు. నా జీవితంలో ఒక మనిషి మీద అంత కోపం ఎన్నడూ రాలేదు. ఆయన్ను కొట్టినవాళ్ల మీద కూడా అంత రాలేదు.

కమిటీ కూర్చునే రోజు దగ్గరపడింది. ఆఫీసు గుమాస్తా ఆసుపత్రికే వచ్చాడు. "మీకు బాగలేదు కాబట్టి ఇన్‌ఛార్జి రాస్తాడులెండి సార్" అన్నాడు. ఆ ఇన్‌ఛార్జి చిన్నసారంటే పడనివాడని, ఒక్క కాగితం తిప్పకుండా వ్యతిరేకంగా రాస్తాడని అందరికీ తెలుసు. "నేను సచ్చినానా? రాసుకో" అన్నాడు సారు. ఇంగ్లీషులో చెబుతుంటే గుమాస్తా రాసుకుని, టైపు చేసి తెచ్చాడు. నాకు ఆఖరు మాట ఒక్కటే అర్థమైంది, గట్టిగా సిఫార్సు చేస్తున్నానని.

గుమాస్తా మంచివాడే. నసుగుతూ అన్నాడు: "ఎవరి ఒత్తిడీ లేకుండా రాసినానని ఒక ముక్క చేర్చమంటారా సార్? లేకుంటే రేపు నలుగురూ..."

"ఫైలు వాని పని గురించి. నా చెయ్యి గురించి కాదు. ఆ ముక్క పెడితే కమిటీ వాళ్లు వాని పేపరు చదవరు, నా కట్టు చదువుతారు."

ఇక సంతకం. ఎడమచేత్తో చేస్తే పాతదానితో కలవదు, చెల్లదు అన్నాడు గుమాస్తా.

"ఇంకు డబ్బీ తే. వేలిముద్ర వేస్తా."

"ప్రొఫెసరు వేలిముద్రేంది సార్!" గుమాస్తా ముఖం పాలిపోయింది.

"మా నాయన సుగ్గికి పోయేటప్పుడు మేస్త్రీ కాయితం మీద వేసినాడు. నేను వేస్తే నా చదువు కారిపోతాదా?"

ఎడమ బొటనవేలు అద్ది, కాగితం మీద ఒత్తాడు. వేలిముద్రకు సాక్షి సంతకం ఉండాలని రూలు. గుమాస్తా వార్డులో డాక్టరు కోసం చూస్తున్నాడు.

"వీడే సాక్షి" అన్నాడు సారు నన్ను చూపి. "జరిగింది తెలిసినోడు వీడొక్కడే. తెలుగులోనే రాయి సాయిబూ."

మైలురాళ్ల మీద నేర్చుకున్న అక్షరాలతో ఆ ముద్ర పక్కన నా పేరు రాశాను.

చిన్నసారు ప్రొఫెసరయ్యాడు. ‘చెయ్యి విరగ్గొడితే దారికొచ్చినాడు’ అన్న మాట కర్నూలు నుంచి కడప దాకా పాకింది. సారు క్లాసుకు పోతే నల్లబల్ల మీద ఎవడో బొటనవేలి బొమ్మ గీసిపెట్టాడు. సారు ఎడమచేత్తో డస్టరు విసిరాడు. అది తగలాల్సినవాడికి తగలక కిటికీలోంచి పోతే క్లాసంతా నవ్వింది. సారును చూసి క్లాసు నవ్వడం అదే మొదలు. టీ అంగట్లో ఒకడు అదే మాట నా ముందరంటే గ్లాసు పెట్టి కొట్టాను. వాడికి పడ్డ కుట్లు నా కుట్ల కంటే ఎక్కువే.

ఒకరోజు చిన్నసారు బత్తాయిల బుట్టతో సారు ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. చేతులు కట్టుకుని నిలబడి, "మా బామ్మర్ది చేసింది నాకు ముందర తెలియదు సార్. పిల్లల మీద ఒట్టు. సార్... ఎందుకు రాసిచ్చినారు?" అన్నాడు.

సారు బుట్టలోంచి ఒక బత్తాయి తీసి, ఎడమచేత్తో ఆయన ముఖం మీదికి విసిరాడు. తప్పింది. ఇంకొకటి విసిరాడు. అదీ తప్పింది. చిన్నసారు కదలకుండా నిలబడ్డాడు. చివరికొకటి పెదవి మీద తగిలి నెత్తురొచ్చింది.

"ఎందుకు రాసినానో నీ బామ్మర్దిని అడుగు పో!"

ఆయన పోయినాక నేను పండ్లు ఏరుతూ అన్నాను: "చెప్పేసుంటే పోయేది కదా సార్."

సారు విరిగిన చేతిని ఊదుకుంటున్నాడు. "వాని పని మంచిదని రాసినా. అది వాని బాకీ, తీర్చినా. కానీ ఆ కుర్చీ పనితో వచ్చిందో, సుత్తితో వచ్చిందో తెలియక బతకనీ వాన్ని. రోజూ కూర్చునేటప్పుడు గుచ్చుకోవాల. ఇది నా బాకీ. నేను బతికుండంగా నువ్వు నోరిప్పినావంటే చూడు."

చిన్నసారుకు ఆ దెబ్బ వేయడానికి, బతికినంత కాలం తన పేరు మీద పిరికివాడన్న మచ్చ మోశాడు. పగ తీర్చుకోవడానికి అంత ఖర్చు పెట్టినవాణ్ని నేను చూడలేదు. ఇతనా శాంతమూర్తి?

ఆ ఫ్లెక్సీ ముందర నేను ఇవన్నీ తలుచుకుని ఉడుకుతుంటే, సభలోంచి ఒకరు లేచి నా వైపు వచ్చారు. చిన్నసారే. జుట్టంతా నెరిసింది, నడుము కొంచెం వంగింది.

"బాగుండావా?"

"ఈ పావురం ఎవరి పని?" అన్నాను.

"నేనే కట్టించినా." కాసేపు ఫ్లెక్సీ వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక మాట అడుగుతా. ఆ పొద్దు మీరు గని కాడ శానాసేపు కూర్చున్నారంట. సారు ఏమన్నా అనినాడా?"

చెప్పకుంటే సారు పోయినా సారు దెబ్బ నిలుస్తుంది, సారు పిరికివాడుగానే మిగులుతాడు. చెబితే సారు పేరు తేటపడుతుంది, వీడి కుర్చీ కూడా తేటపడుతుంది. వీడికి ఆ సుఖం ఇవ్వడం నాకిష్టం లేదు, ఈ రోజుకీ లేదు. కానీ నేను వేలిముద్రకు సాక్షిని.

"అనినాడు. నా రాయిని చంపినారు గానీ వీడు పంచనామా శానా బాగా రాసినాడు, అనినాడు. ఇంగ ఆ గుట్ట బతికుండేది వీని కాయితంలోనే, అనినాడు. రేపే రాస్తానన్నాడు."

"చెయ్యి విరగక ముందరేనా?"

"రైలు గేటు కాడికి రాకముందరే."

ఆయన ముఖంలో మొదట ఏమీ కనబడలేదు. తర్వాత అది పగిలింది. ఒక పెద్ద ప్రొఫెసరు ముఖం గేటు ముందర, పట్టపగలు, అంతమంది చూస్తుండగా పగిలింది. లోపల చెంపదెబ్బ తిని నిలబడిన విద్యార్థి ఉన్నాడు.

"శానా బాగా... అనే అనినాడా?"

"అదే మాట."

కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. "ఆ సుత్తి యాడుండాది?" అన్నాడు.

"నా కాడుండాది."

"ఇస్తావా? శాఖలో అద్దాల పెట్టెలో పెట్టిస్తా."

"ఇయ్యను."

తల ఊపాడు. ఇవ్వనని ఆయనకూ తెలుసు. ఆ తర్వాత ఏమనుకున్నాడో, చెయ్యి చాచి ఫ్లెక్సీ మూల పట్టుకుని చర్రున లాగాడు. పావురం రెక్క దగ్గర చినిగింది. సభలో జనం లేచి చూస్తున్నారు, మైకులో మాట్లాడేవాడు ఆగిపోయాడు. ఆయన లాగుతూనే ఉన్నాడు. శాంతమూర్తి పోయింది, సౌమ్యుడు పోయింది. అజాతశత్రువు దగ్గర గుడ్డ గట్టిగా ఉండి చేతికి రాలేదు.

నేను స్కూటరు స్టాండు వేసి, రెండో మూల పట్టుకున్నాను.